స్టాండర్డ్ హెరాల్డ్‌లో జిప్సీ ఇంజిన్: వెనక హౌసింగ్, చాసీ తట్టుకుంటాయా?

హెరాల్డ్66, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. మా నాన్నగారు నడిపిన 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ పన్నెండేళ్ళుగా మా రైస్ మిల్లు షెడ్డులో కదలకుండా ఉంది. దాని 948 సీసీ ఇంజిన్ బ్లాకు పగిలిపోయింది. దాని స్థానంలో మారుతీ జిప్సీ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌ను, ఐదు గేర్ల బాక్సుతో సహా కూర్చాలనుకుంటున్నాను. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచేది) వేరే పెట్టెగా ఉంటుంది కనుక, దాన్ని వదిలేసి గేరుబాక్సు నుంచి నేరుగా వెనక్కి జాయింట్ షాఫ్ట్ తీసుకోవచ్చు.

పాత ఇంజిన్ 40 హార్స్‌పవర్ కూడా ఇచ్చేది కాదు. కొత్తది 80 హార్స్‌పవర్, 103 న్యూటన్‌మీటర్ల టార్కు ఇస్తుంది. వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ (వెనక చక్రాలకు శక్తి మళ్ళించే గేర్ల పెట్టె) విప్పి లెక్కపెడితే పెద్ద గేరు క్రౌన్‌కు 39 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8 పళ్ళు ఉన్నాయి. ఈ హౌసింగ్ రెట్టింపు శక్తిని మోయగలదా? చాసీకి ఎక్కడ బలం ఇవ్వాలి? మా ఊరి లారీ బాడీ వెల్డరు ముందు నుంచి వెనక దాకా 6 మి.మీ. పట్టీ వేసేద్దామని అంటున్నారు. వెడల్పు టైర్లు కూడా వేయాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లేత్‌పని, జడ్చర్ల

నమస్కారమండీ. డిఫరెన్షియల్ విషయంలో చాలామంది హార్స్‌పవర్ అంకె చూసి భయపడతారు గాని, పళ్ళు విరిచేది హార్స్‌పవర్ కాదు. మీ లెక్కే తీసుకుందాం. జిప్సీ మొదటి గేరు నిష్పత్తి 3.652. ఇంజిన్ ఇచ్చే 103 న్యూటన్‌మీటర్లు షాఫ్ట్ దగ్గరికి 376 అవుతాయి. మీ 39/8 క్రౌన్ పినియన్ దాటాక చక్రాల దగ్గర 1,800 పైచిలుకు కావాలి. అయితే అంత టార్కు చక్రాలకు చేరే వీలే లేదు. వెనక ఇరుసుపై 430 కిలోల బరువు ఉందనుకుని, 13 అంగుళాల సన్న టైరుకు 29 సెం.మీ. వ్యాసార్థం, పొడి రోడ్డుపై 0.8 పట్టు వేసుకుంటే, వెయ్యి న్యూటన్‌మీటర్లకు కాస్త ఇటుగానే టైరు జారిపోతుంది. అంటే మీ హౌసింగ్‌కు పైపరిమితి పెట్టేది ఇంజిన్ కాదు, టైరు. ఇంట్లో ఫ్యూజు ఎలాంటిదో ఇక్కడ సన్న టైరు అలాంటిది. వెడల్పు టైరు వేసిన రోజు ఆ ఫ్యూజు తీసి లావు తీగ పెట్టినట్టే. అందుకే 155 సైజు దాటవద్దని నా సలహా.

ఇక అసలు దెబ్బ క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు పడుతుంది. ఆ క్షణంలో తిరుగుతున్న ఫ్లైవీల్ జడత్వమంతా పళ్ళ మీదికి వస్తుంది కనుక, పైన వేసిన లెక్క అక్కడ వర్తించదు. జాయింట్ క్రాసుల్లో, క్రౌన్ పినియన్ మధ్య ఆట ఎంత ఎక్కువ ఉంటే ఆ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. కాబట్టి కొత్త బేరింగులు వేసి, పినియన్ ప్రీలోడ్ (బేరింగుల ముందస్తు బిగువు) షిమ్ములతో, అంటే పల్చని రేకు వాషర్లతో సరిచేయించి, సిందూరం నూనెలో కలిపి పళ్ళకు పూసి, గుర్తు పంటి మధ్యలో పడుతోందో లేదో చూసుకోవాలి. ఇవి హైపాయిడ్ గేర్లు, అంటే పళ్ళు ఒకదానిపై ఒకటి గట్టిగా రాసుకుంటూ తిరిగేవి. గేరుబాక్సులో పోసే మామూలు నూనె ఇందులో పోయకూడదు, అధిక ఒత్తిడి తట్టుకునే ఈపీ 90 గ్రేడే పోయాలి.

వీలైతే 37/9 జత సంపాదించండి. ట్రయంఫ్ హెరాల్డ్ 1200, తొలి స్పిట్‌ఫైర్ కార్లలో ఆ 4.11 నిష్పత్తే ఉండేది. తొమ్మిది పళ్ళ పినియన్ ఎనిమిది పళ్ళదాని కన్నా లావు, కనుక బలం ఎక్కువ. పైగా మీ పాత నిష్పత్తితో 100 కి.మీ. వేగంలో నాలుగో గేరులో ఇంజిన్ దాదాపు 4,500 సార్లు తిరిగితే, దీనితో 3,800 లోపే తిరుగుతుంది. నార్కట్‌పల్లి రోడ్డు మీద చెవులకు ఆ తేడా తెలుస్తుంది.

అయితే నన్ను భయపెట్టేది హౌసింగ్ కాదు, దాని నుంచి రెండు చక్రాలకూ వెళ్ళే హాఫ్ షాఫ్టులు. హెరాల్డ్‌లో చక్రం హబ్ వాలుగా చెక్కిన షాఫ్టు చివర మీద, కీ సాయంతో కూర్చుంటుంది. పగులు ఆ కీ గాడి మూలలోనే మొదలవుతుంది. స్వింగ్ ఆక్సిల్ (ఒక్కో వెనక చక్రం తన షాఫ్టుతో పాటే పైకీ కిందికీ ఊగే అమరిక) బండిలో షాఫ్టు విరిగితే ఆగిపోవడంతో అయిపోదు, చక్రమే బయటికి వచ్చేస్తుంది. చాలా ఏళ్ళ క్రితం దేవరకొండ రోడ్డులో ఒక మిత్రుడి బండికి ఇదే జరిగింది. వేగం తక్కువ కాబట్టి పొలంలో ఆగాడు. షాఫ్టులు విప్పి, పగుళ్ళు చూపించే రంగు ద్రవం పూసి చూడండి. సన్న గీత కనిపించినా దాన్ని వెల్డు చేయించకండి, పారేయండి.

పాలమూరు_చాసీ

పై మిత్రులు చెప్పినదానికి చాసీ వైపు నుంచి కొంత చేరుస్తాను. హెరాల్డ్ చాసీకి ఒక ప్రత్యేకత ఉంది. వెనక కమాన్ పట్టీ అడ్డంగా ఉండి, డిఫరెన్షియల్ హౌసింగ్ నెత్తి మీదే బోల్టులతో బిగించి ఉంటుంది. కనుక ఆ హౌసింగ్ గేర్ల పెట్టె మాత్రమే కాదు, బండి వెనక బరువు మోసే దిమ్మె కూడా. అదే హౌసింగ్‌ను చాసీకి పట్టి ఉంచేవి ముందు రెండు రబ్బరు మౌంటులు, వెనక ఒక పొడుగు బోల్టు. బండి ముందుకు దూకినప్పుడు హౌసింగ్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. చక్రాల దగ్గర వెయ్యి న్యూటన్‌మీటర్లు ఉండి, ముందు వెనక మౌంటుల మధ్య దూరం 30 సెం.మీ. అనుకుంటే, ఒక్కో వైపు మూడు వందల కిలోలకు మించిన గుంజుడు పడుతుంది. గతుకుల దెబ్బ దానికి అదనం.

కాబట్టి బలం ఇవ్వవలసింది చాసీ పొడవునా కాదు, ఆ మౌంటులు కూర్చునే చోట. ముందుగా బాడీ ఎత్తేయండి. హెరాల్డ్ బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో ఊడివస్తుంది కనుక ఇది మీకు అదృష్టం. తర్వాత స్క్రూడ్రైవర్‌తో ప్రతి అడుగూ పొడిచి చూడండి. ముఖ్యంగా నీళ్ళు నిలిచే మూలల్లో, బాడీని మోసే చేతుల కింద చూడాలి. తుప్పు దొరికితే పైన పట్టీ వేయడం కాదు, తుప్పు పట్టిన రేకు కోసేసి, మంచి లోహం దొరికే వరకు వెళ్ళి, అక్కడి నుంచి కొత్త రేకు పెట్టాలి.

6 మి.మీ. పట్టీ ఆలోచన మానుకోండి. ట్రాక్టర్ ట్రాలీకి అది సరిపోతుందేమో గాని, ఇంత పల్చని పెట్టె చాసీకి ప్రమాదం. పట్టీ ఆగిన చోట చాసీ ఒక్కసారిగా మెత్తబడుతుంది, వంపు అంతా అక్కడే చేరుతుంది, పగులు అక్కడే వస్తుంది. అసలు రేకు మందం గేజ్‌తో కొలిచి, అంతే మందం లేదా దానికి ఒక మెట్టు పైన ఉన్న రేకు వాడండి, 2 మి.మీ. దాటనక్కరలేదు. పట్టీ చివరలు నిలువుగా కోయకుండా చేప నోరులా చెక్కించండి. పై కింది అంచులకు అడ్డంగా వెల్డు గీయనివ్వకండి. ఇప్పటికే పగులు ఉంటే దాని కొనలో 3 మి.మీ. రంధ్రం వేసి ఆపి, గాడి తీసి, అప్పుడు నింపాలి. ఆర్క్ కన్నా మిగ్ వెల్డింగ్ మేలు. ఒక చోట అంగుళం వేసి, చల్లారేలోపు ఎదుటి వైపు ఇంకో అంగుళం వేస్తూ పోవాలి. వరసగా లాగితే చాసీ అరటికాయలా వంగుతుంది. మొదలుపెట్టే ముందు చాసీ ఎదురెదురు మూలల మధ్య రెండు దూరాలూ కొలిచి సుద్దతో రాసుకోండి, మధ్యమధ్య మళ్ళీ కొలవండి.

ఈ చాసీ శక్తి గురించి మీరు మరీ బెంగపడనక్కరలేదు. ట్రయంఫ్ వారు దాదాపు ఇదే తీరు చాసీ మీద 1966లో జీటీ6 తెచ్చి, రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 95 హార్స్‌పవర్ పెట్టారు. అక్కడ వారికి ఇబ్బంది పెట్టింది చాసీ కాదు, మలుపులో చక్రం లోపలికి మడుచుకునే స్వింగ్ ఆక్సిల్. అందుకే 1968లో వచ్చిన జీటీ6 రెండో రూపంలో (మార్క్ 2) కింద విష్‌బోన్లు, అంటే చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచే చేతులు చేర్చారు. శక్తి నిజంగా హద్దు దాటితే ఏం చేయాల్సి వస్తుందో ఏసీ కోబ్రాలో చూడవచ్చు. 1962లో ఫోర్డ్ వీ8 పెట్టినప్పుడు దానికి ఆధారమైన ఏస్ కారు డిఫరెన్షియల్ తీసేసి, జాగ్వార్ ఈ టైప్‌లో వాడిన కోవకు చెందిన సాలిస్‌బరీ డిఫరెన్షియల్ పెట్టారు. 1965లో ఏడు లీటర్ల ఇంజిన్ పెట్టినప్పుడు చాసీ గొట్టాలనే 3 అంగుళాల నుంచి 4 అంగుళాలకు పెంచారు. మీ 80 హార్స్‌పవర్‌కు అంత అవసరం రాదు. కాని మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాటు మలుపుల్లో ఈ బండిని వేగంగా తిప్పి, మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదలకండి. వెనక భాగం లేచిపోతుంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా ఆలోచించండి.

హెరాల్డ్66, మిర్యాలగూడ

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెడల్పు టైర్ల ఆలోచన మానుకున్నాను. స్వింగ్ ఆక్సిల్ మొత్తం తీసేసి, తర్వాత వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో లాగా గట్టి ఇరుసు పెట్టడం మేలా?

పాలమూరు_చాసీ

గెజెల్‌కు కంపెనీవారే ఆ మార్పు చేశారు, మన రోడ్లకు అది నప్పింది కూడా. కాని హెరాల్డ్ చాసీకి ఆ ఇరుసు పెట్టాలంటే నిలువు పట్టీల బ్రాకెట్లు కొత్తగా అతికించాలి, నేల కోయాలి. నేనైతే చేయను.

ఆర్‌సీ_చూడు, నల్లగొండ

ఇంజిన్ కొనకముందే ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు, తయారీదారు ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. అనుమతి లేకుండా చేస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. ముందుగా ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి, 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. మీ బండి 1966ది కనుక వయసు సరిపోతుంది. కాని చాసీ, బాడీ, ఇంజిన్‌లకు పెద్ద మార్పు చేయని బండికే అది ఇస్తారు. జిప్సీ ఇంజిన్ కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది.

హెరాల్డ్66, మిర్యాలగూడ

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదండీ. నిన్న బాడీ ఎత్తాం. పాలమూరు మిత్రులు చెప్పినట్టే స్క్రూడ్రైవర్ పట్టుకుని బయలుదేరితే, ఎడమ వైపు హౌసింగ్ మౌంటుకు జానెడు దూరంలో అది పిడి దాకా దిగిపోయింది. కుడి వైపు గట్టిగానే ఉంది. రబ్బరు మౌంటులు రెండూ చేతికే పొడిపొడిగా రాలిపోయాయి. కనుక జిప్సీ ఇంజిన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, చాసీలో తుప్పు కోయించి, అదే మందం రేకుతో పూడ్పించి, హౌసింగ్‌కు బేరింగులు మార్పిస్తాను. పాత బ్లాకు పగులు నీటి అర వైపే ఉంది, సిలిండర్ దాకా పోలేదు. దాన్ని వెల్డు చేయకుండా లోహపు కుట్టుతో (పగులు వెంట వరసగా లోహపు మరలు బిగించి) అతికించే లేత్ షాపు నల్లగొండలో గాని పాలమూరులో గాని మీకు తెలిసి ఉంటే చెప్పండి.

లేత్‌పని, జడ్చర్ల

బ్లాకు తీసుకుని రండి. చూసి చెబుతాను. వచ్చేటప్పుడు హాఫ్ షాఫ్టులు రెండూ మరచిపోవద్దు.