ద్వితీయోపదేశకాండము 18:10లో "సర్పశకునములు": ఆ పాము ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: పాత తెలుగు బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18:10 చదువుతుంటే "మేఘశకునములు", "సర్పశకునములు" అనే మాటలు తగిలాయి. అదే వచనంలో ఉన్న సోదె, చిల్లంగి నాకు తెలిసినవే. సర్పశకునం ఏమిటండీ? పాములాడించేవాళ్ల గురించా? ఇంగ్లిష్‌లో చూస్తే పాము ఊసే లేదు.

జవాబు: పాములవాళ్ల గురించి కాదండీ. మూలంలో ఉన్న హీబ్రూ మాట "మెనహేష్". హీబ్రూలో పామును "నాహాష్" అంటారు. రెండింటిలోనూ అవే మూడు హల్లులు. మన అనువాదకులు ఆ పోలికనే పట్టుకున్నట్టున్నారు. మేఘశకునం సంగతీ అంతే. అక్కడి మాట "మెయోనేన్", మేఘానికి హీబ్రూ మాట "ఆనాన్". అయితే "మెనహేష్" నిజంగా పాము నుంచే పుట్టిందా అన్నది తేలని విషయం. గుసగుసగా మంత్రం చదవడానికి వాడే "లాహాష్"తో దానికి చుట్టరికం ఉందనేవాళ్లూ ఉన్నారు.

వ్యుత్పత్తి కంటే వాడుక చూస్తే ఎక్కువ తెలుస్తుంది. ఆదికాండము 44లో యోసేపు వెండి గిన్నెతో శకునాలు చూస్తాడని చెప్పేచోట ఇదే క్రియ. అక్కడ పాము లేదు. మొదటి రాజులు 20 ఇంకా బాగుంటుంది. యుద్ధంలో ఓడిపోయిన సిరియా రాజు బెన్హదదు మనుషులు నడుముకు గోనెపట్ట, తలకు తాడు చుట్టుకుని ఇశ్రాయేలు రాజు ఆహాబు దగ్గరికి తమ రాజుకు ప్రాణభిక్ష అడగడానికి వస్తారు. "అతను ఇంకా బతికే ఉన్నాడా? అతను నా సోదరుడు" అని ఆహాబు అనగానే, వాళ్లు ఆ ఒక్క మాటనే శుభశకునంగా అందుకుని "అవును, నీ సోదరుడే" అంటారు. ఎదుటివాడి నోట యాదృచ్ఛికంగా జారిన మాటలో రాబోయేది వినడం. అక్కడా ఇదే క్రియ.

యూదు పండితులు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో బాబిలోనియన్ తల్మూదులో, అంటే వాళ్ల ధర్మచర్చల సంకలనంలో, సన్హెద్రిన్ అనే భాగం 65బి-66ఎలో ఉంది. మెనహేష్ అంటే ఎవరు? నోట్లోంచి రొట్టెముక్క జారిపడిందనీ, చేతిలోంచి కర్ర పడిందనీ, కొడుకు వెనక నుంచి పిలిచాడనీ, కాకి అరిచిందనీ, జింక దారికి అడ్డం వచ్చిందనీ, కుడివైపు పాము, ఎడమవైపు నక్క కనిపించాయనీ ఆగిపోయేవాడు. పన్ను వసూలుకు వచ్చినవాడితో "నాతో మొదలుపెట్టకు, ఇంకా పొద్దున్నే, ఇవాళ నెల మొదటిరోజు" అనేవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. ఇంత జాబితాలో పాముకు దక్కింది ఒక్క చోటు. మెయోనేన్ గురించి రబ్బీ అకీవా చెప్పిందీ అక్కడే ఉంది: ఇవాళ ప్రయాణానికి మంచిది, రేపు కొనుగోలుకు మంచిది అని వేళలు లెక్కగట్టేవాడు. మేఘాలతో పనే లేదు.

వెనక నుంచి పిలవద్దనడం, పొద్దున్నే బోణీ కాకుండా డబ్బు అడగొద్దనడం, మంచిరోజు చూసుకుని బయల్దేరడం మన ఇళ్లలో ఉన్నవే. "సర్పశకునం" అని చదివిన తెలుగు విశ్వాసి, పాములతో నాకేం పని అనుకుని వచనాన్ని దాటేస్తాడు. వచనం మాట్లాడుతున్నది అతని గుమ్మం దగ్గర జరిగే వాటి గురించి. నాకు బాధ కలిగించేది ఇదే. సోదె, చిల్లంగి, కర్ణపిశాచి అని మన నేల మాటలు ఏరి పెట్టిన అనువాదం ఈ ఒక్కచోట మాట రూపం వెంట పోయింది. "శకునాలు పట్టించుకునేవాడు" అంటే సరిపోయేది.

ఒక చిన్న ముచ్చట. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చినవాళ్లు ఇక్కడ వాడిన క్రియ "ఓయోనోస్" నుంచి వచ్చింది. అది శకునం చెప్పే పక్షి. సంస్కృతంలో "శకున" అన్నా ముందు పక్షే, తర్వాతే శకునం. కాబట్టి సర్పశకునం అన్న సమాసంలో పామూ పక్షీ రెండూ ఉన్నాయి!

ప్రశ్న: బాగుందండీ. కొత్త నిబంధనలో ఇలాంటిది ఉందా?

జవాబు: ఉంది, అక్కడ నిజంగానే పాము ఉంది. అపొస్తలుల కార్యములు 28లో ఓడ పగిలి మెలితే ద్వీపం చేరిన పౌలు పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే పాము వేడికి బయటికి వచ్చి చేతిని పట్టుకుంటుంది. వీడు హంతకుడే, సముద్రం వదిలినా న్యాయం వదల్లేదు అంటారు ద్వీపవాసులు. అతను దాన్ని మంటలో విదిలించేసి మామూలుగా ఉండేసరికి, ఇతను దేవుడే అంటారు. ఆ పుస్తకం రాసిన లూకా ఆ రెండు తీర్పులనూ పక్కపక్కనే పెట్టి వదిలేశాడు. 16వ అధ్యాయంలో ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి ఉంది. ఆమెకు పట్టిన దయ్యం పేరు తెలుగులో "పుతోను". అది గ్రీకు "పైథాన్", డెల్ఫీలో అపోలో చంపాడని చెప్పే సర్పం. ఆ సోదె డబ్బు ఆమె యజమానులకు పోయేది. పౌలు ఆ దయ్యాన్ని వదిలించాక వాళ్లు అతన్ని, అతని తోటివాడు సీలను అధికారుల దగ్గరికి ఈడ్చింది ఆ రాబడి పోయినందుకే.

ప్రశ్న: మరి కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో ఆ ఏడాదికి ఒక వచనం వచ్చే వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా, అదీ మెనహేషేనా?

జవాబు: ఈ తగువు చాలా పాతది. తల్మూదులోనే హుల్లిన్ అనే భాగం 95బి ప్రకారం రబ్బీ యోహానాన్ బడిపిల్లవాడిని "ఏ వచనం చదివావు?" అని అడిగి దాన్ని గుర్తుగా తీసుకునేవాడు. ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు ఎలీయెజెరు బావి దగ్గర పెట్టుకున్న గుర్తు, సౌలు కొడుకు యోనాతాను శత్రువులైన ఫిలిష్తీయుల మాటను గుర్తుగా తీసుకోవడం కూడా అక్కడే చర్చకు వస్తాయి. 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్, ఎలీయెజెరు చేసినట్టు గుర్తు పెట్టుకుని దాన్నిబట్టి నడవడం కూడా నిషిద్ధమేనన్నాడు. ఆ కాలంవాడే అయిన రావద్ అనే మరో పండితుడు దానికి మండిపడి, అది పెద్ద పొరపాటు, ఎలీయెజెరు, యోనాతానులే ఉంటే ఇతని ముఖాన నిప్పు కొరడాలు ఝళిపించేవారని రాశాడు. కార్డులో వచ్చిన వాక్యాన్ని ఏడాదంతా ధ్యానించడానికి తీసుకుంటే తప్పు లేదనే నా అభిప్రాయం. "ఈసారి నాకు మంచి వాగ్దానం రాలేదు" అని టెన్షన్ పడితే మాత్రం, నా మాట మైమోనిడీస్ వైపే.