అమ్మకు బరువు తగ్గే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

అమ్మకు 52 ఏళ్లు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 36 దాటింది. మన దేశంలో 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్క. కాలి మెట్టె సర్దుకోవడానికి కూడా వంగలేక నన్ను పిలుస్తుంది. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంది. పక్కన పడుకున్న నాకు ఇక నిద్ర పట్టదు.

పోయిన వారం ఒక డాక్టరు బరువు మాత్రం చూసి, వారానికొకసారి టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ రాశారు. నడుము కొలవలేదు, రక్తపరీక్షలు రాయలేదు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని కూడా అడగలేదు. అలాంటి చరిత్ర ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు కదా! పైగా అమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని పాత స్కానింగులో తేలింది. బరువు వేగంగా తగ్గితే ఆ బాధ పెరగవచ్చు. నా భయమంతా అదే. పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటోంది.

ఇంజెక్షన్ ఇంకా కొనలేదు. ముందు ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించమంటారా? హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్, కాలేయం, కిడ్నీ పరీక్షలతో పాటు గురక కోసం నిద్ర పరీక్ష కూడా అవసరమా? పిత్తాశయంలో రాళ్లుండి ఈ మందు వాడినవారు ఉంటే దయచేసి చెప్పండి. మోతాదు 5 మిల్లీగ్రాములకు పెంచినప్పుడు వికారం, వాంతులు వచ్చాయా, అప్పుడు ఏం తినగలిగారు? మానేశాక బరువు మళ్లీ పెరిగిందా?