అరకు హోమ్‌స్టే సైటు పని వచ్చింది, తక్కువ ఖర్చులో ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్ మంచిది?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లో వెబ్ డిజైనింగ్ కోర్సు ఈ మధ్యే పూర్తి చేశాను. తెలిసినవాళ్ల ద్వారా మొదటి పని వచ్చింది. అరకులో ఒక హోమ్‌స్టేకి తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో చిన్న వెబ్‌సైటు కావాలట. కోర్సులో అంతా అడోబీ మీదే నేర్పారు, కానీ నెలనెలా చందా కట్టే స్తోమత ఇప్పుడు లేదు. ఫ్రెండ్ క్రాక్ చేసిన కాపీ ఇస్తానంటోంది. నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్. ఉచితంగా దొరికేవాటితో పని అవుతుందా? క్లయింట్ దగ్గర మాట పడకూడదని టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి)

అవుతుందమ్మా, నిశ్చింతగా చెయ్యి. ముందు ఆ క్రాక్ కాపీ మాట మర్చిపో. చట్టవిరుద్ధమన్నది ఎలాగూ ఉంది, దాంతోపాటు అలాంటి ఫైళ్లలో పాస్‌వర్డులు లాగేసే వైరస్‌లు వస్తుంటాయి. రేపు ఆ హోమ్‌స్టే హోస్టింగ్ పాస్‌వర్డు ఉండేది నీ ల్యాప్‌టాప్‌లోనే. అది పోతే నష్టపోయేది నిన్ను నమ్మినవాళ్లు.

పేజీల డిజైన్‌కి ఫిగ్మా తీసుకో. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఉచిత ప్లాన్‌లో టీమ్ ఫైళ్లకు పరిమితి ఉన్నా ఒక్కరే చేసే చిన్న సైటుకు అది అడ్డం రాదు. లింక్ పంపితే క్లయింట్ పైసా కట్టకుండా చూసి, అక్కడే కామెంట్ పెట్టొచ్చు. డిజైన్ కొలతలు, కోడ్ డెవలపర్‌కి చూపించే డెవ్ మోడ్‌కి మాత్రం 2024 నుంచి డబ్బు కట్టాలి. కోడ్ నువ్వే రాసుకుంటావు కాబట్టి దాని అవసరం లేదు.

పెన్‌పాట్ కూడా తెరిచి చూడు. ఓపెన్ సోర్స్, ఇదీ బ్రౌజర్‌లోనే. అందులో అమరిక వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లోని ఫ్లెక్స్, గ్రిడ్ పద్ధతిలోనే ఉంటుంది కాబట్టి డిజైన్ నుంచి కోడ్‌కి వెళ్లడం తేలిక. నా వరకు నాకు పెన్‌పాట్ అంటేనే ఇష్టం. అయినా ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఫిగ్మానే, అందుకే చెయ్యి దానిమీద తిరగాలి.

ఫోటోలకు ఫోటోపీ ఉంది. ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, ప్రకటనలు కనిపిస్తాయి గానీ ఉచితమే. ఫోటో వాళ్ల సర్వర్‌కి వెళ్లదు, నీ కంప్యూటర్‌లోనే పని జరుగుతుంది. ఇన్‌స్టాల్ చేసుకునేది కావాలంటే గింప్. 2025 మార్చిలో 3.0 వచ్చాక చాలా మెరుగైంది. లోగోకి ఇంక్‌స్కేప్ చాలు. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని కాన్వా కంపెనీ కొన్న తర్వాత 2025 అక్టోబర్ నుంచి ఉచితం చేశారు, కాన్వా ఖాతా ఉంటే చాలు. చేతిలో డబ్బు మిగిలితే చందాలకు పెట్టకు, ర్యామ్ 16 జీబీ చేయించుకో.

గాజువాక

చాలా థాంక్స్ అన్నా. ఇంకో చిక్కు వచ్చింది. తెలుగు మ్యాటర్ వాళ్ల పాత పాంప్లెట్ ఫైలులో ఉంది. కాపీ చేసి ఫిగ్మాలో పెడితే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. అలాగే కోర్సులో పేజీల డిజైన్‌కి అడోబీ ఎక్స్‌డీ నేర్పారు, దాన్ని వదిలేయాలా?

జవాబు (డాబాగార్డెన్స్ నుంచి, డీటీపీ పని)

అది అను ఫాంట్ అయి ఉంటుందమ్మా. ప్రెస్ పనికి చాలామంది ఇప్పటికీ అదే వాడతాం. అందులో కంటికి కనబడేది తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడ్. ఆ ఫాంట్ తీసేస్తే ఇలాగే కనిపిస్తుంది. అను నుంచి యూనికోడ్‌కి (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో అయినా తెలుగుగానే కనిపించే కోడ్) మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి లైనూ చదువు. ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి. గదుల అద్దె, ఫోన్ నంబరు అయితే పాంప్లెట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె సరిచూసుకో.

సాఫ్ట్‌వేర్ ఏదైనా పని మొదలుపెట్టే ముందు "రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి" అని టైప్ చేసి చూడు. ఒత్తులు విడిపోయినా, పక్కకు జరిగినా దాన్ని తెలుగుకి వాడొద్దు. ఎంత పేరున్నదైనా సరే, ఈ పరీక్ష పాస్ కావాల్సిందే. పాత ఫోటోషాప్ వెర్షన్లలో కూడా టెక్స్ట్ సెట్టింగ్ మార్చకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. బ్రౌజర్‌లో, ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది.

ఫాంట్లకూ ఖర్చు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, మల్లన్న, నోటో సాన్స్ తెలుగు ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. శీర్షికకు రామభద్ర, మ్యాటర్‌కి మండలి బాగుంటాయి. ఇంగ్లీషుకి పెట్టిన లైన్ హైటే (లైన్ల మధ్య ఎడం) తెలుగుకీ పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. అక్షరం సైజుకి 1.7 రెట్ల దగ్గర మొదలుపెట్టి కంటితో చూసి సర్దుకో.

జవాబు (రుషికొండ, ఐటీ ఉద్యోగం)

ఎక్స్‌డీ గురించి: దాన్ని అడోబీయే పక్కన పెట్టేసింది, కొత్త ఫీచర్లు రావట్లేదు, విడిగా అమ్మడం కూడా ఆపేశారు. అక్కడ నేర్చుకున్న ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) పద్ధతులు ఫిగ్మాలో పనికొస్తాయి, ఏదీ వృథా కాదు.

ఒక జాగ్రత్త చెప్తాను. 2022 సెప్టెంబర్‌లో అడోబీ 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మాని కొంటామని ప్రకటించింది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పడంతో 2023 డిసెంబర్‌లో ఆ ఒప్పందం రద్దయింది. ఈరోజు ఉచితం అన్నది రేపు ఎవరి చేతిలో ఎలా మారుతుందో మన చేతిలో లేదు. అందుకే పని ముగిసిన ప్రతిసారీ లోగో, ఐకాన్లు ఎస్‌వీజీగా (ఎంత పెద్దది చేసినా మసకబారని ఫైలు), పేజీలు పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి మీ దగ్గరే దాచుకోండి. క్లయింట్‌కీ ఒక కాపీ ఇవ్వండి.

గాజువాక

పరీక్ష పదాలు ఫిగ్మాలో టైప్ చేశాను సార్, అన్నీ సరిగ్గా వచ్చాయి. డెస్క్‌టాప్ సైజులో మొదలుపెట్టమంటారా?

ఎంవీపీ కాలనీ

వద్దమ్మా, 360 పిక్సెల్ వెడల్పు ఫ్రేమ్‌తో మొదలుపెట్టు. గది కోసం వెతికేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, పైగా ఘాట్ రోడ్డులో సిగ్నల్ సరిగా ఉండదు. ఫోటోలన్నీ స్కూష్ అనే సైటులో వెబ్‌పీగా (సైజు తక్కువుండే ఫోటో ఫైలు) మార్చి పెట్టు, అదీ ఉచితమే. తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువు కాబట్టి రెండుకు మించి వాడకు. ఫోన్ నంబరు మొదటి స్క్రీన్‌లోనే కనబడాలి, నొక్కితే కాల్ వెళ్లాలి. మొదటి డ్రాఫ్ట్ అయ్యాక లింక్ ఇక్కడ పెట్టు, చూసి చెబుతాం.