లెఫ్టినెంట్ కల్నల్ హేమూ అధికారి సైనిక జీవితం గురించి వివరాలు కావాలి

అందరికీ నమస్కారం. భారత సైన్యంలో అధికారిగా పనిచేస్తూ 21 క్రికెట్ టెస్టులు ఆడిన లెఫ్టినెంట్ కల్నల్ హేమూ అధికారి గురించి ఒక వ్యాసం రాస్తున్నాను.

ఆయన ఆట గురించి సమాచారం బాగానే దొరికింది. 1952లో ఢిల్లీలో పాకిస్తాన్‌పై మన హైదరాబాదీ గులాం అహ్మద్‌తో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించి, తాను 81 పరుగులతో అజేయంగా నిలిచిన ఇన్నింగ్స్ నాకెంతో ఇష్టం. పదకొండో ఆటగాడిగా వచ్చిన గులాం అహ్మద్ సరిగ్గా 50 చేశారు. 1959 ఫిబ్రవరిలో, వెస్టిండీస్ సిరీస్‌లో అప్పటికే ముగ్గురు కెప్టెన్లు మారిన తరువాత, ఐదో టెస్టుకు నాయకత్వం స్వీకరించి 63, 40 పరుగులు చేయడమే కాక మూడు వికెట్లు కూడా తీశారు. ఆయనకు అదే చివరి టెస్టు. 1971లో ఇంగ్లండులో సిరీస్ గెలిచిన జట్టుకు మేనేజరు కూడా ఆయనే.

అయితే స్కోరుకార్డులు సైనికుడి దినచర్యను చెప్పవు. ఆయన ఏ రెజిమెంటులో చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు, టెస్టులకూ సర్వీసెస్ (సైనిక దళాల) జట్టు రంజీ మ్యాచ్‌లకూ సెలవు ఎలా మంజూరయ్యేది అన్నవి నాకు ముఖ్యమైన ప్రశ్నలు. 1956-57, 1957-58లలో వరుసగా రంజీ ఫైనల్ చేరిన ఆ జట్టులో ఆడినవారి కుటుంబ సభ్యులు గానీ, సైనిక రికార్డులను పరిశీలించిన అనుభవం ఉన్నవారు గానీ ఇక్కడ ఉంటే, అలాంటి వివరాల కోసం ఏ కార్యాలయానికి, ఏ విధంగా దరఖాస్తు చేయాలో దయచేసి తెలియజేయగలరు.