ఫ్లోరైట్‌ను రోజూ పెట్టుకునే ఉంగరంలో పొదిగించొచ్చా?

అంబర్‌పేట_వాణి: ఆకుపచ్చ ఫ్లోరైట్, 6 క్యారెట్లు. అచ్చం పచ్చలా ఉంది. రోజూ పెట్టుకునే ఉంగరానికి పనికొస్తుందా?

రాళ్లశాస్త్రం: పనికిరాదండీ. రాయి గీతలను ఎంత తట్టుకుంటుందో చెప్పే మోస్ కొలతలో దీని కాఠిన్యం 4. మన ఊరు గ్రానైట్ మీద ఉంది, అందుకే రోడ్డు దుమ్ము నిండా క్వార్ట్జ్ పొడే, దాని కాఠిన్యం 7. పొడిబట్టతో తుడిచినా గీతలు పడతాయి. లాకెట్ గానీ దిద్దులు గానీ చేయించుకోండి.

బషీర్‌బాగ్_జెమ్స్: ముత్యం కాఠిన్యం 2.5 నుంచి 4.5. హైదరాబాద్‌లో ముత్యాల ఉంగరాలు ఎవరూ పెట్టుకోవట్లేదా?

రాళ్లశాస్త్రం: ముత్యం ఫ్లోరైట్‌లా చీలదు. ఫ్లోరైట్ నాలుగు దిశల్లో నున్నగా చీలుతుంది. సింకు అంచుకు గట్టిగా తగిలితే చాలు, మూల ఎగిరిపోతుంది.

బషీర్‌బాగ్_జెమ్స్: గీతల గురించి అడిగితే చీలికకు దూకారు. గీత పడితే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు.

నాగోల్_రవి: నల్గొండ నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఇదేనా? ఒంటికి తగిలితే ప్రమాదమా?

రాళ్లశాస్త్రం: ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్ ఖనిజం. పెట్టుకుంటే ఏమీ కాదు. మంచినీళ్ల సీసాలో మాత్రం వేయకండి. ఇది లీటరు నీటిలో 15 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, అందులో దాదాపు సగం ఫ్లోరైడే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

పత్తర్‌గట్టి_కారిగర్: పాలిష్ దాకా ఎందుకు భాయ్, పొదిగేటప్పుడే పోతుంది. ప్రాంగ్ (రాయిని పట్టుకునే కొక్కీ) వంచేటప్పుడు ఒత్తిడంతా ఒక్క చోటే పడి చీలుతుంది. చుట్టూ అంచు కట్టే బెజెల్ కావాలి, అదీ మెత్తటి 22 క్యారెట్ల పల్చటి బంగారు రేకుతో. ఎదురెదురు వైపుల నుంచి కొద్దికొద్దిగా నొక్కుతూ రావాలి, సుత్తి తగలకూడదు. టంకం పనంతా రాయి పెట్టకముందే అయిపోవాలి. తర్వాత సైజు మార్చాలంటే రాయి తీయాల్సిందే. మంట సెగకు పగులుతుంది. నలుపు పోవడానికి ముంచే వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్ తగిలితే రాయి పాడవడమే కాదు, విషవాయువు పుడుతుంది.

బషీర్‌బాగ్_జెమ్స్: చేయి తిరిగినవాళ్లు పొదుగుతూనే ఉన్నారు. పని రాక రాయిని అంటే ఎలా?

పత్తర్‌గట్టి_కారిగర్: పని రాకనా? దుకాణాల నుంచి వచ్చే పొట్లం మీద ‘గ్రీన్ స్టోన్’ అని రాసుంటుంది. పచ్చ అనుకుని పొదిగితే చీలుతుంది, ఆ డబ్బు మా కూలిలో కోస్తారు. ఇక్కడ అసలు గొడవ కాఠిన్యం కాదు, పగిలితే ఎవరు కట్టాలన్నది.

రాళ్లశాస్త్రం: పేరు తేల్చడం దుకాణం పని. రాయిలో వెలుగు ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద ఫ్లోరైట్ 1.43, పచ్చ 1.57 దాటుతుంది. సాంద్రత 3.18, పచ్చది సుమారు 2.7. ఐదు నిమిషాల్లో తేలుతుంది.

అంబర్‌పేట_వాణి: సరే, లాకెట్టే చేయిస్తాను. శుభ్రం చేయడం ఎలా?

రాళ్లశాస్త్రం: గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు, పిల్లల బ్రష్. అల్ట్రాసోనిక్, స్టీమ్ యంత్రాలతో శుభ్రం చేయించొద్దు. వేరే నగలతో కలపకుండా విడిగా గుడ్డసంచిలో ఉంచండి.

బషీర్‌బాగ్_జెమ్స్: పేరు రాసిస్తాం. కానీ పగిలితే నష్టం పొదిగినవాళ్లదే.

పత్తర్‌గట్టి_కారిగర్: రాయి ఇచ్చేటప్పుడే 10 రెట్ల లూప్‌తో (నగల పనివాళ్ల భూతద్దం) ఇద్దరం చూద్దాం. లోపల ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనిపిస్తే ఆ చీలిక అప్పటికే ఉన్నట్టు. అది స్లిప్పు మీద రాయండి. ఆ తర్వాత పడిన చీలికకు నేను కడతా.