కోట గారి కోడి సీను: నవ్వు రాతలో ఉందా, మొహంలో ఉందా?

బాల్కనీ_టికెట్:
2025 జూలైలో కోట శ్రీనివాసరావు గారు పోయాక ఆ కోడి సీను మళ్ళీ అందరి ఫోన్లలో తిరిగింది కదా. మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మా ఇంట్లో ‘అహ నా పెళ్ళంట’ పెట్టాం. చూడనివాళ్ళకి: 1987లో వచ్చిన జంధ్యాల సినిమా. పరమ పిసినారి లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టన్నం తింటుంటాడు. సీను రాకముందే మా నాన్నగారు నవ్వడం మొదలెట్టారు. పన్నెండేళ్ళ మేనల్లుడు ఆయన వంకా టీవీ వంకా మార్చి మార్చి చూసి, “మామయ్యా, ఆయన అన్నం తింటున్నాడు, అంతే కదా?” అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. నా మటుకు అదంతా జంధ్యాల గారి కలం. ఆ ఊహ ఎవరు చేసినా పండుతుంది. కాదంటారా?

సీట్లో_సమోసా:
కాదంటాను. పక్కింటి వంట వాసన పీలుస్తూ అన్నం తిన్నవాడి కథ, వాసనకి డబ్బులడిగితే నాణేల చప్పుడు వినిపించి పొమ్మన్న కథ మా అమ్మమ్మే చెప్పేది. విని ముసిముసిగా నవ్వేవాళ్ళం, అంతే. పొట్ట పట్టుకోలేదు. ఆ సీను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ముద్ద కలుపుతూ కోడి వైపు చూసే ఆ చూపులో కొంటెతనం రవ్వంత కూడా ఉండదు. ఆయన లెక్కలో అది కోడికూరతో భోజనమే! కడుపు నిండుతోంది కూడా. అదే పాత్రని మనకేసి కన్నుకొట్టే నటుడికి ఇచ్చుంటే, మీ మేనల్లుడి ప్రశ్న మీ నాన్నగారే అడిగేవారు.

బాల్కనీ_టికెట్:
మరి 1957 నాటి ‘మాయాబజార్’లో వీరతాడు? పింగళి వారు లేని మాట పుట్టించారు, జనం ఇప్పటికీ వేసుకుంటున్నారు. అక్కడ మొహంతో పనేముంది?

సీట్లో_సమోసా:
అన్నది ఎవరండీ? ఎస్వీ రంగారావు. అంత భారీ ఘటోత్కచుడు కొత్త మాటకి మురిసిపోతే నవ్వొచ్చింది. కాగితం మీద అది వ్యాకరణ పాఠం.

కరీంనగర్_పోరడు:
మీరిద్దరు రాత, మొహం అని కొట్లాడుతున్నరు గని యాస సంగతి ఎవ్వరు ఎత్తలే. నేను ఇరవై ఏండ్ల సంది బాగ్‌లింగంపల్లిల ఉంటున్న. అప్పట్ల క్రాస్‌రోడ్స్ హాల్లల్ల కూసుంటే, తెర మీద ఎవడన్న మా లెక్క నోరు తెరువంగనే జనం నవ్వుడు షురూ. వాడేమన్నడో ఇనేదాక గూడ ఆగకపోయేది. అండ్ల జోకెక్కడున్నది? నేను గూడ నవ్విన, అది చెప్పుకోనీకి సిగ్గయితది.

2016ల ‘పెళ్ళిచూపులు’ వచ్చింది. ప్రియదర్శి ‘నా సావు నేను సస్తా, నీకెందుకు’ అంటే మళ్ల అదే యాసకు నవ్వినం, గని గీ నవ్వు వేరే. వాడు నిజంగ ఇసిగిపోయిండు. మా దోస్తు ఒకడు అచ్చం గట్లనే ఇసుక్కుంటడు. ఆ మాటను ‘నా చావు నేను చస్తాను, మీకెందుకండీ’ అని మార్చుండ్రి, ఎవరు నవ్వుతరో సూద్దాం.

సీట్లో_సమోసా:
ఇది ఒప్పుకుంటాను. కానీ కోట గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. ‘ప్రతిఘటన’ (1985)లో తెలంగాణ యాస మాట్లాడి మెప్పించలేదా?

కరీంనగర్_పోరడు:
మెప్పించిండు. నవ్వొచ్చింది, భయం గూడ అయింది. మా నాయన మాత్రం ‘విలన్‌కే మన భాష ఎందుకిచ్చిండ్రు’ అని ఇప్పటికీ అడుగుతడు. జవాబు నాకాడ లేదు.

మూసీ_ఒడ్డు:
ముగ్గురూ తప్పే. నవ్వుండేది పక్క సీట్లో. 2021 మార్చిలో ‘జాతిరత్నాలు’ మాస్కులేసుకుని చూశాం. కోర్టు సీనుకి వెనక వరసలో ఒకాయన ఈల వేసినట్టు ఊపిరి పీల్చుకుంటూ పడీ పడీ నవ్వాడు. మేం సినిమాకి నవ్వామో ఆయనకి నవ్వామో ఇప్పటికీ తెలీదు. తర్వాత ఇంట్లో ఒక్కణ్ణే ఫోన్లో చూస్తే అదే సీనుకి పెదవి ఒక్కసారి కదిలింది. అన్నాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నాక, ఆ రోజు హాల్లో కరెంటు పోయినా నవ్వేవాళ్ళమే.

సీట్లో_సమోసా:
బాల్కనీ గారి నాన్నగారు సోఫాలో కూర్చుని నవ్వారు. ఆయన పక్కన నవ్వని పిల్లాడున్నాడు. మరి దానికేమంటారు?

బాల్కనీ_టికెట్:
నాన్నగారినే అడిగేశాను. ఆ సీను చూస్తే ఆయనకి మా తాతయ్య గుర్తొస్తారట. తాతయ్య అగ్గిపుల్లని బ్లేడుతో నిలువునా చీల్చి రెండుసార్లు వాడేవారట. అప్పట్లో ఇంటిల్లిపాదీ ఆ సినిమాకి వెళ్ళారు. కోడి సీను రాగానే నాన్న, బాబాయిలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని బిగబట్టుకుని కూర్చున్నారట. వరసలో అందరికంటే గట్టిగా నవ్వింది తాతయ్య. ‘ఛీ, ఇలాంటివాళ్ళు కూడా ఉంటారా’ అని నడిచి ఇంటికొచ్చేదాకా అంటూనే ఉన్నారట. నడిచి ఎందుకంటే, బస్సు దండగ.

కరీంనగర్_పోరడు:
అదంత సరే. అగ్గిపుల్లను నిలువుగ ఎట్ల చీలుస్తరు?

బాల్కనీ_టికెట్:
మందున్న తల మీదే బ్లేడు పెట్టి మెల్లగా నొక్కాలట. మేనల్లుడు పొద్దుట్నుంచి అదే పనిలో ఉన్నాడు. ఇప్పటికి సగం పెట్టె అయిపోయింది.