సిలువ ‘వేసిన’ క్రీస్తా, ‘వేయబడిన’ క్రీస్తా?

అందరికీ నమస్కారం. 1 కొరింథీయులకు 1:23లో ‘మేము సిలువవేయబడిన క్రీస్తును ప్రకటించుచున్నాము’ అని ఉంది. ‘బడు’ తెలుగు నుడికారం కాదంటారు కదా. ఆదివారం ఈ వచనం మీదే వాక్యం చెప్పాలి. ‘సిలువ వేసిన క్రీస్తు’ అంటే వాడుకకు దగ్గరగా ఉండదా?

*

తమ్ముడూ, ‘బడు’ కనిపిస్తే నేనూ కొట్టేస్తాను. వండిన అన్నం అంటాం కానీ వండబడిన అన్నం అనం. అన్నం తనను తాను వండుకోదు కాబట్టి అక్కడ చిక్కు లేదు. మనిషి దగ్గరికి వచ్చేసరికి అలా కుదరదు. ‘కొట్టిన అబ్బాయి’ అంటే కొట్టింది అతనా, దెబ్బలు తిన్నది అతనా? ‘సిలువ వేసిన క్రీస్తు’ అన్నా అదే సమస్య. సిలువ వేసింది రోమా సైనికులు, వేయించింది పిలాతు. ఈ పత్రిక రాసిన పౌలు బోధకు ప్రాణం ఈ మాటే. 2:2లో ఇది తప్ప మరిదేనినీ ఎరుగకుందునని నిశ్చయించుకున్నానంటాడు. అలాంటి చోట అర్థం తారుమారు కానివ్వకూడదు. ఆ ‘బడు’ను ఉంచేయండి.

ఇంకొకటి. గ్రీకులో ఇది ‘ఎస్టౌరోమెనోన్’. పని ఎప్పుడో జరిగిపోయినా దాని ఫలితం ఇంకా నిలిచే ఉందని చెప్పే రూపం. మత్తయి 28:5లో ఖాళీ సమాధి దగ్గర దూత వాడిందీ ఇదే రూపం. లేచిన తరువాత కూడా ఆయన సిలువ వేయబడినవాడే! నాకు ఒళ్లు పులకరించే చోటు ఇది.

*

ధన్యవాదాలు అన్నయ్యా. మరి పిల్లలకు ‘సిలువ మీద చనిపోయిన క్రీస్తు’ అని చెప్పవచ్చా?

*

చెప్పవచ్చు. కాకపోతే చావు ఒక్కటే మిగులుతుంది, ఎవరో వేసిన శిక్ష అన్న సంగతి, ఆ అవమానం జారిపోతాయి. యూదులకు ఆటంకంగా, అన్యజనులకు వెర్రితనంగా తోచింది ఆ అవమానమే కదా. ‘బడు’ లేకుండానే చెప్పాలంటే కర్తను ముందుకు తీసుకురండి. అపొస్తలుల కార్యములు 2:36లో పేతురు యూదులతో అన్న మాట చూడండి: ‘మీరు సిలువవేసిన యీ యేసు’. ‘మీరు’ వచ్చింది కాబట్టి అనువాదకులకు ‘బడు’ అవసరం పడలేదు. గ్రీకులోనూ అక్కడ కర్తరి ప్రయోగమే.

*

ఇన్నేళ్లుగా చదువుతున్నా ఇది గమనించలేదు అన్నయ్యా! ఆ వెంటనే 37లో ఆ మాట విన్నవాళ్లు హృదయములో నొచ్చుకొని ‘మేమేమి చేతుము’ అని అడుగుతారు. ఆదివారం రెండు వచనాలూ పక్కపక్కనే చదివిస్తాను.